కసాల్స్ పాత రికార్డింగుల్లో మీ అబ్బాయి ఏం వినాలి?

మీరు అడిగినది రెండు ప్రశ్నలుగా నాకు అర్థమైంది. పదమూడేళ్ల మీ అబ్బాయి రెండేళ్లుగా ఫిడేలు జాతిలోని పెద్ద వాద్యమైన చెల్లో నేర్చుకుంటున్నాడు. ఇరవయ్యో శతాబ్దపు ప్రసిద్ధ చెల్లో కళాకారుడు పాబ్లో కసాల్స్ వాయించిన సూట్లు, అంటే జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన నాట్యబాణీల మాలలు, వినమని గురువుగారు చెప్పారు. తీరా వింటే గరగర శబ్దం, అక్కడక్కడ మొరటుతనం వినిపించాయి కాబట్టి, ఇంతకన్నా శుభ్రంగా వాయించేవారు ఇప్పుడు ఎందరో ఉండగా ఆయన గొప్పతనం ఏమిటన్నది మొదటి ప్రశ్న. ఈ వాద్యాన్ని నమ్ముకుని ఎవరైనా బతకగలరా అన్నది రెండోది. ముప్పై ఏళ్లకు పైగా చెల్లో వాయిస్తూ, నేర్పుతూ వచ్చినవాడిగా ఈ రెండింటికీ కసాల్స్ జీవితం నుంచే సమాధానం చెప్పగలనని అనుకుంటున్నాను. ఎందుకంటే ఈ రెండో ప్రశ్నను ఆయన తండ్రి కూడా వేశాడు, అదీ దాదాపు ఇదే వయసు కొడుకు గురించి.

కసాల్స్ 1876 డిసెంబరు 29న స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, బార్సిలోనాకు నైరుతిగా ఉన్న ఎల్ వెంద్రెల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. కాటలాన్ భాషలో ఆయన పేరు పావ్. తన ప్రజలు ఆ పేరుతోనే పిలవాలని ఆయన కోరుకునేవాడు. తండ్రి కార్లెస్ ఊరి చర్చిలో ఆర్గన్ వాయిస్తూ గాయకబృందాన్ని నడిపేవాడు. తల్లి పిలార్ దెఫీయో పోర్టోరికో ద్వీపంలో పుట్టిన స్త్రీ. పిల్లవాడికి సంగీతం తండ్రి దగ్గరే అబ్బింది. పియానో, ఆర్గన్, ఫిడేలు అన్నీ చిన్నతనంలోనే చేతికొచ్చాయి. ఎండిన సొరకాయ బుర్రకు కర్ర బిగించి, దాని మీద తీగ లాగి చేసిన ఒక బొమ్మ వాద్యమే తన మొదటి చెల్లో అని ఆయన ముసలితనంలో కూడా ఇష్టంగా చెప్పుకునేవాడు. అసలు చెల్లోను ఆయన మొదటిసారి విన్నది పదకొండేళ్ల వయసులో, బార్సిలోనా నుంచి ఆ ఊరికి కచేరీ చేయడానికి వచ్చిన జుసెప్ గార్సియా అనే వాద్యకారుడి చేతిలో.

తండ్రి సంగీతకారుడే అయినా, సంగీతం కూడు పెట్టదని అనుభవంతో తెలిసిన మనిషి. కొడుకును వడ్రంగి దగ్గర పనికి కుదర్చాలని అనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. పిల్లవాడికి ఉన్న వరాన్ని పక్కన పెట్టి పని నేర్పించడం తప్పని పట్టుబట్టి, 1888లో అతణ్ణి వెంటబెట్టుకుని బార్సిలోనా వెళ్లి, పురపాలక సంగీత పాఠశాలలో గార్సియా దగ్గరే చేర్పించింది. ఈ విషయంలో తల్లిదండ్రుల మధ్య ఏళ్ల తరబడి గొడవలు జరిగాయి. అవి ఆ పిల్లవాడిని ఎంతగా బాధించాయో ఆయనే తరువాత చెప్పుకున్నాడు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న చర్చ అబ్బాయి చెవిన పడుతోందేమో ఒకసారి గమనించండి.

చదువుకుంటూనే ఆ పిల్లవాడు సంపాదన మొదలుపెట్టాడు. బార్సిలోనాలో కాఫే తోస్త్ అనే చోట ముగ్గురు వాద్యకారుల బృందంలో రోజూ సాయంత్రం వాయించేవాడు. అక్కడ కోరేవన్నీ నాట్యపు బాణీలు, తేలికపాటి పాటలు. వారానికి ఒక రాత్రి శాస్త్రీయ సంగీతం వాయించనివ్వమని అతను యజమానిని ఒప్పించాడు. స్పెయిన్ స్వరకర్త ఐజాక్ అల్బేనిజ్ ఆ కాఫేలోనే అతని వాదనం విని ఆశ్చర్యపోయి, ముందు ముందు అక్కరకొస్తుందని మాడ్రిడ్‌లోని ఒక ప్రభువుకు పరిచయ లేఖ రాసి ఇచ్చాడు.

ఇక మీ గురువుగారు ఆ రికార్డింగులను ఎందుకు వినమన్నారో చెప్పాలంటే చేతుల గురించి మాట్లాడాలి. ఆ రోజుల్లో చెల్లో నేర్పేవారు కుడిచేతి మోచేయిని ఒంటికి అంటిపెట్టుకుని కమాను లాగమనేవారు. అది కదలకుండా ఉండేందుకు చంకలో పుస్తకం పెట్టి సాధన చేయించేవారు. భుజం బిగుసుకుపోయినప్పుడు కమాను మొత్తం పొడవునా ఒకే బరువు పడదు. చివరికి వచ్చేసరికి నాదం సన్నగిల్లుతుంది. పన్నెండు పదమూడేళ్ల కసాల్స్ ఈ పద్ధతి అసహజమని గ్రహించి, చేతిని భుజం నుంచి స్వేచ్ఛగా వదిలి కమాను పట్టడం తనకు తానే అభ్యాసం చేశాడు. గార్సియా మొదట ఉలిక్కిపడినా, ఫలితం విన్నాక కాదనలేకపోయాడు. ఈనాడు మీ అబ్బాయికి మొదటి పాఠంలోనే భుజం వదులుగా ఉంచమని చెప్పి ఉంటారు. ఆ మాట ఇప్పుడు మామూలుగా అనిపించడానికి కారణం కసాల్స్.

ఎడమచేతిలో ఆయన చేసిన మార్పు ఇంకా పెద్దది. చెల్లో తీగ పొడవు సుమారు 69 సెంటీమీటర్లు, అంటే ఫిడేలు తీగకు రెండింతలకన్నా ఎక్కువ. ఫిడేలు మీద చేయి కదపకుండానే ఒక తీగపై నాలుగు స్వరాలు అందుతాయి. చెల్లో కింది స్థానాల్లో స్వరానికీ స్వరానికీ మధ్య దూరం ఎక్కువ కాబట్టి చేయి మాటిమాటికీ జరగాలి, జరిగినప్పుడల్లా ఒక జారుడు శబ్దం వినిపిస్తుంది. మన సంగీతంలో జారు ఒక గమకం. రాగం అడిగినప్పుడు, అడిగిన చోట మాత్రమే దాన్ని వేస్తాం. ఆనాటి చెల్లో వాదనంలో జారును రాగభావం అడగలేదు, చేతికి అందక వచ్చిపడేది. వినేవారు కూడా దాన్ని వాద్యస్వభావంగా సరిపెట్టుకునేవారు. కసాల్స్ వేళ్లను మరింత చాచి, చేయి జరగకుండానే దూరపు స్వరాన్ని అందుకునే పద్ధతిని పెంచాడు. జరగక తప్పనప్పుడు ఆ జరుగు సంగీత వాక్యం మధ్యలో కాక, అది ఊపిరి తీసుకునే చోట పడేలా వేళ్లను అమర్చాడు. అప్పుడు జారు మళ్లీ అలంకారమైంది, కావాలనుకున్నప్పుడే వేసేదైంది. రికార్డింగులో ఎడమచేతి వేళ్లు తీగపై టకటకమని పడటం మీకు వినిపించి ఉంటుంది. మొరటుతనం అని మీరన్నది బహుశా దాన్నే. ఆయన వేళ్లను చిన్న సుత్తుల్లా పలక మీద వేసేవాడు, కింది స్వరానికి దిగేటప్పుడు తీగను కొద్దిగా మీటినట్లు వదిలేవాడు. ప్రతి స్వరానికీ స్పష్టమైన మొదలు ఉండాలన్నది ఆయన పట్టుదల. మాటల్లో హల్లు స్పష్టంగా పలకకపోతే అచ్చు ఎంత తీయగా ఉన్నా అర్థం కానట్లే ఇది కూడా.

శ్రుతి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పియానో చెవితో వినేవారికి కసాల్స్ అక్కడక్కడ అపశ్రుతి పలికించినట్లు అనిపిస్తుంది. షడ్జానికి చేరువలో ఉన్న నిషాదాన్ని ఆయన పియానో మెట్టుకన్నా కాస్త పైకి, షడ్జం వైపు లాగి పలికిస్తాడు. అర్ధస్వరాలను దగ్గరకు జరుపుతాడు. దానికి ఆయన భావవ్యక్తీకరణ కోసం పట్టే శ్రుతి అని పేరు పెట్టి, శిష్యులకు ఏళ్ల తరబడి నేర్పాడు. ఒకే గాంధారం అన్ని రాగాల్లోనూ ఒకే ఎత్తున నిలబడదని తెలిసిన మన శ్రోతలకు ఇది వింతగా ఉండనక్కరలేదు. మీ అబ్బాయికి కర్ణాటక సంగీతం కొద్దిగానైనా చెవిన పడి ఉంటే, ఈ విషయం అతనికి ఇతర పిల్లలకన్నా తొందరగా పట్టుబడుతుంది.

ఇప్పుడు బాఖ్ సూట్ల దగ్గరికి వస్తాను. 1890లో, కసాల్స్‌కు పదమూడేళ్లున్నప్పుడు, ఊరి నుంచి తండ్రి వచ్చి అతనికి మొదటిసారి పూర్తి పరిమాణపు చెల్లో కొనిపెట్టాడు. కాఫేలో వాయించడానికి కొత్త స్వరప్రతుల కోసం ఇద్దరూ రేవు దగ్గరి వీధుల్లో తిరుగుతూ ఒక పాత కాగితాల దుకాణంలోకి వెళ్లారు. అక్కడ చెదిరిన కట్టల మధ్య, చెల్లో ఒక్కదాని కోసమే బాఖ్ రాసిన ఆరు సూట్లు దొరికాయి. అలాంటివి ఉన్నాయని అతనికి అంతవరకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి తెచ్చుకుని, మరునాటి నుంచి రోజూ వాటిని సాధన చేశాడు. వాటిలో ఒకదాన్ని కచేరీలో వాయించే ధైర్యం రావడానికి తనకు పన్నెండేళ్లు పట్టిందని ఆయన చెప్పాడు. ఆరింటినీ రికార్డు చేయడం మొదలుపెట్టేనాటికి ఆయన వయసు దాదాపు అరవై.

ఆ కాగితాలు దొరకడం అదృష్టమే అనుకున్నా, దొరికినవాటిని ఏం చేశాడన్నది వేరు. బాఖ్ ఈ సూట్లను సుమారు 1720 ప్రాంతంలో, కోథెన్ ఆస్థానంలో ఉన్న కాలంలో రాశాడు. ఆయన స్వహస్తప్రతి మనకు దక్కలేదు. భార్య ఆన్నా మాగ్దలీనా రాసిపెట్టిన నకలు ముఖ్యమైన ఆధారంగా మిగిలింది. ప్రతి సూట్‌లోనూ ఒక ప్రెల్యూడ్, దాని వెనుక అలమాండ్, కూరాంట్, సారబాండ్, తరువాత మెనుయెట్, బూరే లేదా గావోట్ జంట, చివర జీగ్ ఉంటాయి. అంటే ప్రవేశిక తరువాతవన్నీ నాట్యాల పేర్లే. పందొమ్మిదో శతాబ్దంలో వీటిని ఎక్కువగా వేళ్లకు కసరత్తులుగా చూశారు. ఒంటరి చెల్లో వినడానికి చాలదనుకుని షూమన్ అంతటి స్వరకర్త వీటికి పియానో తోడు రాశాడు. కచేరీల్లో ఎవరైనా వాయించినా ఒక సారబాండో, ఒక గావోటో విడిగా తీసి వాయించేవారు. ఒక సూట్‌ను మొదటి నుంచి చివరి దాకా, తోడు లేకుండా, ఒకే కథలా నడిపి శ్రోతలను కూర్చోబెట్టవచ్చని నమ్మి చేసి చూపించినవాడు కసాల్స్. ఒక్క తీగ మీద ఒక్క స్వరమే పలుకుతున్నా, వినేవాడి చెవిలో కింద ఒక గొంతు, పైన ఒక గొంతు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్లు వినిపించాలి. ఆయన కమాను బరువు కింది స్వరం మీద క్షణం ఆగి, పైదాన్ని తేలికగా తాకి వెళ్లే తీరులో ఆ రెండు గొంతులు విడిపడతాయి. మీ అబ్బాయిని మొదట దీన్ని వినమనండి.

బార్సిలోనా చదువు తరువాత తల్లి అల్బేనిజ్ లేఖ పట్టుకుని పిల్లలతో మాడ్రిడ్ చేరింది. ఆ ప్రభువు, కౌంట్ మోర్ఫీ, కసాల్స్‌ను సొంత కొడుకులా చూసి, రాజప్రతినిధి మరియా క్రిస్తీనా రాణికి పరిచయం చేశాడు. నెలనెలా రాజవేతనం దొరికింది. 1895లో పై చదువుకని బ్రస్సెల్స్ పంపారు. అక్కడి సంగీత పాఠశాలలో చెల్లో ఆచార్యుడు తరగతి మొత్తం ముందు ఈ కొత్త కుర్రాణ్ణి ఎగతాళి చేస్తూ, నీకు అన్నీ వచ్చునట కదా అంటూ ఒక్కొక్క రచన పేరూ చదివాడు. కుర్రాడు సెర్వే అనే చెల్లో కళాకారుడి రచన ఒకటి, మిక్కిలి కష్టమైనది, వాయించి చూపించాడు. ఆచార్యుడు మెత్తబడి, తన తరగతిలో చేరితే మొదటి బహుమతి నీదేనన్నాడట. అవమానించిన చోట ఉండనని కసాల్స్ మరునాడే పారిస్ వెళ్లిపోయాడు. ఆ పంతానికి మూల్యం చిన్నదేమీ కాదు, రాజవేతనం ఆగిపోయింది. పారిస్‌లో ఒక వినోదశాల వాద్యబృందంలో రెండో చెల్లో వాయిస్తూ, బండి ఖర్చు మిగుల్చుకోవడానికి చెల్లో మోసుకుని నడుస్తూ, చలికాలంలో జబ్బుపడ్డాడు. తల్లి కుట్టుపని చేసింది; ఒకరోజు తన పొడవైన జుట్టు కత్తిరించి అమ్మి వచ్చింది. చివరికి అందరూ బార్సిలోనాకు తిరిగి వచ్చేశారు.

తిరిగి వచ్చాక జరిగినదే మీ రెండో ప్రశ్నకు సంబంధించింది. 1896లో గార్సియా ఆ పాఠశాల వదిలి వెళ్లడంతో ఆయన స్థానంలో కసాల్స్ బోధకుడయ్యాడు. లిసేయు నాటకశాల వాద్యబృందంలో ప్రధాన చెల్లో కుర్చీ కూడా దొరికింది. పాఠాలు, నాటకశాల, చర్చి, వేసవిలో కాసినో కచేరీలు, ఇలా మూడేళ్లు కూడబెట్టుకుని, 1899లో మళ్లీ పారిస్ వెళ్లాడు. ఈసారి లామురూ వాద్యబృందంతో స్వరకర్త లాలో రాసిన కన్‌చెర్టో, అంటే వాద్యబృందం తోడుగా ఒక్కరు ప్రధానంగా వాయించే రచన, వాయించాడు. అక్కడి నుంచి ఆయన ఎక్కని పెద్ద వేదిక లేదు. అదే ఏడాది లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌లోనూ, విక్టోరియా రాణి ఎదుటా వాయించాడు. 1904 జనవరిలో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ముందు శ్వేతసౌధంలో వాయించాడు.

ఈ కీర్తి మధ్య ఒక సంగతిని నా శిష్యులందరికీ చెబుతుంటాను. 1901లో అమెరికా పర్యటనలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి తమాల్‌పయిస్ కొండ దిగుతుండగా ఒక బండరాయి దొర్లి ఆయన ఎడమచేతి మీద పడింది. నలిగిన వేళ్లను చూసుకోగానే తనకు వచ్చిన మొదటి ఆలోచన, దేవుడి దయ, ఇక చెల్లో వాయించనక్కరలేదు అన్నదని ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. వేదిక భయం ఆయన్ను జీవితాంతం వదలలేదు. తొంభై ఏళ్లు దాటినా కచేరీకి ముందు అదే గుండె దడ. నాలుగు నెలల్లో చేయి బాగయింది, మళ్లీ సాధనకు కూర్చున్నాడు. మీ అబ్బాయికి వేదికంటే భయమని మీరు రాశారు కాబట్టి ఈ మాట అతనికి చేరవేయండి. భయం పోయాక వాయిద్దామనుకుంటే కసాల్స్ ఒక్క కచేరీ కూడా చేసి ఉండేవాడు కాదు.

పారిస్ కాలంలో పియానో వాద్యకారుడు ఆల్‌ఫ్రెడ్ కోర్తో, ఫిడేలు వాద్యకారుడు జాక్ తిబోతో కలిసి ఆయన కట్టిన త్రయం సుమారు మూడు దశాబ్దాలు సాగింది. 1926లో వారు రికార్డు చేసిన, మూడు వాద్యాల కోసం షూబర్ట్ రాసిన బి ఫ్లాట్ త్రయం ఈనాటికీ నాకు ఇష్టమైన రికార్డుల్లో ఒకటి. పోర్చుగల్ చెల్లో కళాకారిణి గిల్యెర్మీనా సుజ్జియాతో ఆయన కొన్నేళ్లు కలిసి జీవించాడు. ఆమె గొప్పతనాన్ని కసాల్స్ నీడలో చూడటం అన్యాయం. తన సంపదలోంచి యువ చెల్లో కళాకారుల కోసం ఆమె ఏర్పరచిన బహుమతినే 1956లో, తరువాత గొప్ప చెల్లో కళాకారిణి అయిన పదకొండేళ్ల జాక్వెలిన్ డుప్రే అందుకుంది.

1920లో ఆయన బార్సిలోనాలో తన పేరిట ఒక పూర్తిస్థాయి వాద్యబృందాన్ని స్థాపించాడు. ఊళ్లో సంగీతకారులకు సరైన జీతాలు లేవని, ఇతర పనులు చేసుకుంటూ అలసిపోయి వస్తారని ఆయనకు చిన్ననాటి నుంచే తెలుసు. కచేరీలకు తాను ప్రపంచమంతా తిరిగి సంపాదించిన డబ్బుతో ఏళ్ల తరబడి ఆ బృందం నష్టాలు పూడ్చాడు. 1926లో కార్మికుల కచేరీ సంఘం మొదలైంది. తక్కువ ఆదాయం ఉన్నవారికే సభ్యత్వం, నామమాత్రపు చందా. ఆదివారం ఉదయాల్లో ఆ బృందమే వారి కోసం వాయించేది. ఉచితంగా పంచిపెట్టడం వారి ఆత్మగౌరవానికి భంగమని, చందా ఎంత చిన్నదైనా వారే కట్టాలని ఆయన అభిప్రాయం. చెల్లోకన్నా వాద్యబృందాన్ని నడిపించడమే తనకు ఎక్కువ ఇష్టమని ఆయన పలుమార్లు అన్నాడు. నావంటి చెల్లో వాద్యకారులకు ఆ మాట మింగుడుపడదు గానీ, అది ఆయన మనసులోని మాటే.

1936 జులై 18 సాయంత్రం ఆ బృందం బేతోవెన్ తొమ్మిదో సింఫనీ సాధన చేస్తోంది. సైనిక తిరుగుబాటు వార్తతో ఒక దూత వచ్చి, మరునాటి కచేరీ రద్దయిందని, వెంటనే అందరూ ఇళ్లకు వెళ్లాలని చెప్పాడు. మళ్లీ ఎప్పుడు కలుస్తామో తెలియదు, చివరి భాగం పూర్తి చేసి విడిపోదామా అని కసాల్స్ అడిగాడు. వాద్యకారులు, గాయకులు అందరూ సరేనన్నారు. మనుషులందరూ సోదరులవుతారనే ఆ పాట పాడి బయటకు వస్తే వీధుల్లో అడ్డుగోడలు లేస్తున్నాయి. ఆ బృందానికి మళ్లీ మునుపటి రోజులు రాలేదు.

మీరు విన్న రికార్డింగుల తేదీలను ఇప్పుడు దీని పక్కన పెట్టి చూడండి. రెండు, మూడు సూట్లు 1936 నవంబరులో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో, అంటే అంతర్యుద్ధం మొదలైన నాలుగు నెలలకు రికార్డయ్యాయి. ఒకటి, ఆరు సూట్లు 1938 జూన్‌లో, నాలుగు, అయిదు సూట్లు 1939 జూన్‌లో పారిస్‌లో రికార్డయ్యాయి. బార్సిలోనా తిరుగుబాటు నాయకుడు ఫ్రాంకో సైన్యానికి లొంగిపోయింది 1939 జనవరిలో. అంటే ఆ చివరి రెండు సూట్లను ఆయన ఊరు లేనివాడిగా వాయించాడు. ఆ రోజుల సాంకేతికతలో ఒక్కో రికార్డు పక్కకు నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. తప్పు కోసి అతికించే వీలు లేదు, బాగా రాకపోతే ఆ పక్క మొత్తం మళ్లీ వాయించాలి. తీగలు లోహానివి కావు, ఎక్కువగా గొర్రె పేగుతో చేసినవి; కమాను తాకగానే కొంచెం గరుకుగా పలుకుతాయి. ఇప్పటి ముక్కలు అతికిన రికార్డింగుతో పోలిస్తే శుభ్రత తక్కువే. అయితే గరుకుదనమంతా సాంకేతికతది, తీగలది అని నేను చెప్పను. రెండో సూట్ ప్రెల్యూడ్ డి మైనర్‌లో ఉంటుంది. దాని చివర్లో, మౌనం తరువాత మళ్లీ ఎత్తుకునే చోట కసాల్స్ కమాను తీగను దాదాపు గీరుతుంది. దాన్ని మృదువుగా చేయగల శక్తి ఆయనకు ఉంది. చేయలేదు.

1939 నుంచి ఆయన ఫ్రాన్స్‌లో, స్పెయిన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ప్రాద్ అనే చిన్న ఊళ్లో ఉండిపోయాడు. సరిహద్దు దాటి వచ్చిన లక్షలాది స్పెయిన్ శరణార్థులు సముద్రపుటొడ్డున ముళ్లతీగల మధ్య శిబిరాల్లో ఉండేవారు. వారికి బట్టలు, తిండి, డబ్బు సమకూర్చడం, వందల ఉత్తరాలు స్వయంగా రాయడం ఆయన దినచర్య అయింది. నాజీలు అధికారంలోకి వచ్చిన 1933 నుంచే జర్మనీలో వాయించడం మానేశాడు. ఆక్రమణ కాలంలో జర్మన్ అధికారులు వచ్చి అడిగినా వెళ్లలేదు. 1945లో యుద్ధం ముగియగానే ఇంగ్లండ్ వెళ్లి వాయించాడు, ఇంగ్లండ్ స్వరకర్త ఎల్గార్ రాసిన చెల్లో కన్‌చెర్టో రికార్డు చేశాడు. మిత్రదేశాలు ఫ్రాంకోను కూడా దించుతాయని ఆశించాడు. అది జరగదని తేలాక ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఇవ్వజూపిన గౌరవ పట్టాలు వద్దని, ఫ్రాంకో ప్రభుత్వాన్ని గుర్తించే దేశాల్లో బహిరంగ కచేరీలు చేయనని నిర్ణయించుకున్నాడు. డెబ్బై ఏళ్ల వాద్యకారుడికి కచేరీలు లేని ఏళ్లు ఎంత విలువైనవో వాద్యం పట్టినవారికి తెలుస్తుంది; పోయిన పటుత్వం ఆ వయసులో తిరిగి రాదు. ఆయన రోజూ ఉదయం పియానో దగ్గర బాఖ్ రచనలు రెండు వాయించి, తరువాత చెల్లో పట్టుకోవడం మాత్రం మానలేదు.

ఆయన కదలకపోతే మనమే వెళ్దామని ఫిడేలు వాద్యకారుడు అలెగ్జాండర్ ష్నైడర్ పట్టుబట్టి, 1950లో బాఖ్ రెండువందలవ వర్ధంతి పేరిట ప్రాద్‌లోనే ఉత్సవం ఏర్పాటు చేశాడు. ఐజాక్ స్టెర్న్, రుడాల్ఫ్ సెర్కిన్, క్లారా హాస్కిల్ వంటివారు ఆ చిన్న ఊరి చర్చికి వచ్చి ఆయనతో కలిసి వాయించారు. 1956లో తల్లి పుట్టిన పోర్టోరికోకు మారాడు. అక్కడ ఉత్సవం, సింఫనీ బృందం, సంగీత కళాశాల ఆయన చుట్టూ పుట్టాయి. 1957లో తన శిష్యురాలు మార్తా మొంతానెజ్‌ను పెళ్లాడాడు. పోర్టోరికో అమెరికా పాలనలోదే కదా, మరి ఆయన మాట ఏమైందని అప్పట్లో అడిగినవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తల్లి నేల మీద వాయించడాన్ని ఆయన వేరుగా చూశాడు. 1961 నవంబరు 13న అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆహ్వానం మీద, అక్కడ మొదటిసారి వాయించిన 57 ఏళ్లకు మళ్లీ శ్వేతసౌధంలో వాయించాడు. 1973 అక్టోబరు 22న శాన్ హ్వాన్‌లో కన్నుమూశాడు. ఫ్రాంకో చనిపోయింది 1975లో; కసాల్స్ అవశేషాలు 1979లో ఎల్ వెంద్రెల్ చేరాయి.

ఇక బతుకు సంగతి. కసాల్స్ అంతటివాడు కూడా కాఫేలో, వినోదశాలలో, నాటకశాలలో, పాఠశాలలో కలిపి సంపాదించి నిలదొక్కుకున్నాడు. ఏకవాద్య కచేరీలతోనే జీవించే చెల్లో కళాకారులు ప్రపంచమంతా వెతికినా తక్కువమంది. మిగతావారు వాద్యబృందంలో ఉద్యోగం, పాఠాలు, స్టూడియో పని కలిపి బతుకుతారు. మన దేశంలో వాద్యబృందపు ఉద్యోగాలు బహు తక్కువ కాబట్టి పాఠాలు, సినిమా రికార్డింగులు ముఖ్యమవుతాయి. నేనూ అలాగే బతికాను. కాబట్టి పద్దెనిమిదేళ్లు వచ్చేవరకు మామూలు చదువు ఆపించకండి. చెల్లోను కూడా ఆపించకండి. పదమూడేళ్ల వయసులో రోజుకు గంటన్నర, మధ్యలో విరామంతో, చాలు. వేళ్లు ఇంకా ఎదుగుతున్నాయి. ఎడమచేతి వేళ్లను కసాల్స్ చాచినట్లు చాచబోతే బొటనవేలి మొదట నొప్పి వస్తుంది. నొప్పి వచ్చిన రోజున సాధన ఆపి గురువుగారికి చెప్పాలి. వాద్యం పరిమాణం అతని చేతికి సరిపోతోందో లేదో కూడా చూపించండి.

వినడంలో కూడా ఒక వరుస పాటించమంటాను. ఇప్పటివారిలో ఎవరిదైనా మంచి రికార్డింగుతో మొదటి సూట్ బాగా పరిచయం చేయండి. స్వరప్రతి ముందు పెట్టుకుని, ఏ స్వరం ఏ తీగ మీద ఎందుకు పడుతోందో అతను ఊహించగలిగాక కసాల్స్‌ది వినిపించండి. మూడో సూట్ బూరేలు ముందు, వాటిలో నాట్యపు అడుగు పట్టుకోవడం తేలిక. రెండో సూట్ సారబాండ్ తరువాత. అయిదో సూట్ కొన్నేళ్ల తరువాత. ఆయన లయలో తీసుకునే స్వేచ్ఛను అనుకరించనివ్వకండి. బాఖ్ నాటి వాదనరీతి గురించి ఆ తరువాతి పరిశోధకులు, వాద్యకారులు మనకు చాలా నేర్పారు. కసాల్స్ లయ ఆయన సొంతం, పిల్లవాడి చేతిలో అది తాళం తప్పడమే అవుతుంది.

అన్నిటికన్నా చివర 1961 శ్వేతసౌధం కచేరీ రికార్డింగు వినిపించండి. అందులో ముగింపుగా ఆయన వాయించింది పక్షుల పాట అనే కాటలాన్ క్రిస్మస్ గీతం. ప్రవాసంలో ఉన్నన్నాళ్లూ కచేరీలు దానితోనే ముగించేవాడు. అప్పటికి ఆయనకు దాదాపు 85 ఏళ్లు. కమాను చివర్లో కొద్దిగా వణకడం, రెండు మూడు చోట్ల స్వరం కిందికి ఒరగడం వినిపిస్తుంది. పాట మధ్యలో చెల్లోతో పాటు ఆయన గొంతులోంచి కూడా ఒక మూలుగు వంటి శబ్దం వస్తుంది. మీ అబ్బాయి అదేమిటని అడిగితే, ఆయన తన ఊరి పాట పాడుకుంటున్నాడని చెప్పండి.